శనివారం ఆఖరి పీరియడ్

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఎప్పటిలాగే ఆలస్యం. బెంచీ మీద కూచుని, చెప్పుల్లోంచి కాళ్ళు బయటికి తీసి పెట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా ఇదే బండి, ఇదే బెంచీ. తెలుగు పాఠాలు చెప్పడానికి రోజూ తెనాలి నుంచి రేపల్లె వెళ్ళి రావడంలోనే నా జుట్టు తెల్లబడింది. ఈమధ్య మోకాళ్ళు కూడా బండిలాగే మొరాయిస్తున్నాయి.

మా కాలేజీలో అటెండరుగా చేసి రిటైరైన కోటయ్య వచ్చి పక్కన కూచున్నాడు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని సర్దుకున్నాడు. తర్వాత, వాన పడేట్టుందండి అన్నంత మామూలుగా అన్నాడు.

"మన ఇంగ్లీషు మేడం గారు పోయారంటండి. బాపట్లలో."

"ఎప్పుడు?"

"పోయినాదివారం. చర్చికెళ్ళొచ్చి పడుకున్నారంట. మళ్ళీ లేవలేదంట. మనకెవరు చెప్తారండీ, చెప్పేవాళ్ళెవరున్నారు గనక."

బండి వచ్చింది. ఎక్కాం. చిన్నరావూరు దాటకముందే కోటయ్య కునుకు తీశాడు. నాకు నిద్ర రాలేదు. ఎదురుగా ఉన్న సీటు వంకే చూస్తూ కూచున్నాను. అలాంటి సీట్లోనే, కిటికీ పక్కన, ఆవిడ ఎన్నో ఏళ్ళు కూచున్నారు.

ఆవిడ పేరు రాయను. కాలేజీలో ఆ పేరుతో ఆవిణ్ణి ఎవరూ పిలిచిన గుర్తు లేదు. పిల్లలకీ, మాకూ, ప్రిన్సిపాల్ గారికీ, స్టేషన్లో ముంజలమ్మే ముసలమ్మకీ కూడా ఆవిడ ఇంగ్లీషు మేడమే. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. గంజిపెట్టిన నేతచీర. చంకలో గొడుగు. నడివేసవిలో గానీ, తుఫాను రోజుల్లో గానీ ఆ గొడుగు తెరవగా నేను చూడలేదు. "తెరిస్తే మళ్ళీ ముయ్యాలి కదండీ, ఎవరికి ఓపిక?" అనేవారు.

నేను ఉద్యోగంలో చేరింది ఎనభైల మొదట్లో. అప్పటికే ఆవిడ అక్కడ సీనియర్. తెల్లారకముందే లేచి, మంచానపడ్డ అత్తగారికి స్నానం చేయించి, వంట చేసి, రైల్వే గుమాస్తా అయిన భర్తకి క్యారేజీ కట్టి, ఆ తర్వాత స్టేషనుకి వచ్చేవారు. బండి కదలగానే నిద్రపోయేవారు. తల వాల్చడం, నోరు తెరవడం ఏమీ ఉండదు. ఫొటో దిగుతున్న మనిషిలా నిటారుగా కూచుని నిద్ర. భట్టిప్రోలు రాగానే ఎవరో భుజం తట్టినట్టు కళ్ళు తెరిచేవారు. అక్కణ్ణుంచి రేపల్లె దాకా మాట్లాడేవారు. నాకు తెలిసిన ఇంగ్లీషు మేడమ్ అంతా దాదాపు ఆ భట్టిప్రోలుకీ రేపల్లెకీ మధ్యే.

ఒకరోజు అలాగే కళ్ళు తెరిచి, "మాస్టారూ, ట్విలైట్ అంటే తెలుగులో ఏమంటారు?" అన్నారు.

"సంధ్య."

"అది పుస్తకంలో మాట. మీ అమ్మగారు ఏమనేవారు?"

ఆలోచించాను. అమ్మ పోయి చాలా కాలమైంది. "మునిమాపు అనేదండి. మునిమాపేళ ఇల్లు ఊడవకూడదు అని అక్కయ్యని తిట్టేది."

"మునిమాపు." ఆవిడ ఆ మాటని నోట్లో వేసుకుని చప్పరించినట్టు రెండుమూడుసార్లు అనుకున్నారు. "ఎంత బాగుందండీ. ఇది చాలు నాకు ఇవాళ్టికి."

తెలుగు చెప్పేవాణ్ణి నేను. ఆ మాట నా దగ్గరుందని నాకు గుర్తుచేసింది ఇంగ్లీషు చెప్పే ఆవిడ. ఆ రోజు నా క్లాసులో నేను ఏం చెప్పానో తెలీదు గానీ, మధ్యలో ఉన్న చెక్క పార్టిషను మీదుగా ఆవిడ క్లాసు మాత్రం విన్నాను. నిజానికి రోజూ వినేవాణ్ణి.

ఆవిడ పద్ధతి వేరుగా ఉండేది. కొత్త సుద్దముక్క తీసుకుని రెండుగా విరిచేవారు. "పొడుగు సుద్ద కీచుమంటుంది" అనేవారు. విరిచి, ఏమీ రాయకుండా బల్ల మీద పెట్టేవారు. తర్వాత పద్యం చదివేవారు. అర్థం చెప్పరు. మళ్ళీ చదువుతారు. మళ్ళీ. ఆ గొంతు పెద్దదేం కాదు. కానీ వెనక బెంచీలో ఉన్నవాడి పక్కన కూచుని వాడొక్కడికే చెప్తున్నట్టుండేది.

"ముందు వినండర్రా. అర్థం ఎక్కడికీ పోదు. నిదానంగా వస్తుంది" అనేవారు.

ఇదెక్కడ పట్టుబడిందని ఒకసారి అడిగాను. వాళ్ళ అమ్మ దగ్గరే అన్నారు. వాళ్ళమ్మ పొద్దుగూకాక పేటలో ఆడవాళ్ళని కూచోబెట్టి బైబిలు చదివేదట. నాట్లేసి వచ్చిన చేతులు, బురద ఆరని కాళ్ళు. ఒక్కరికీ అక్షరం రాదు. "అందులో సగం మాటలు వాళ్ళకి తెలీవండి. అయినా కళ్ళొత్తుకునేవాళ్ళు. నాకప్పుడు నాలుగైదేళ్ళుంటాయి. మా అమ్మ ఏం చేస్తుందో నాకు తెలీదు గానీ, నేనూ అదే చెయ్యాలనుకున్నాను."

మునిమాపు మాట దొరికిన రోజు ఆవిడ చదివింది ఒక నది పక్కన పొద్దువాలడం గురించిన చిన్న పద్యం. చదివాక ఎప్పట్లాగే అడిగారు. "ఏం వినపడింది?"

రేపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లలు. ఇంగ్లీషంటే సగం భయం, సగం మొహమాటం. కాసేపటికి ఒక ఆడపిల్ల గొంతు సన్నగా వినిపించింది.

"మా అమ్మమ్మ వాళ్ళది అవనిగడ్డండి. పెనుమూడి రేవులో నది దాటే పంటు కోసం కూచుంటే ఇలాగే ఉంటుందండి. అవతల ఒడ్డు కనపడదు. మనుషుల మాటలు మాత్రం వినపడతాయి."

పార్టిషనుకి ఇవతల నా పిల్లలు కూడా పెన్నులు ఆపి విన్నారు.

"అదే ఇంగ్లీషులో చెప్పు" అన్నారు మేడమ్.

"రాదండి."

"నాకూ వచ్చేది కాదు. చెప్పు."

ఆ పిల్ల ముక్కలు ముక్కలుగా చెప్పింది. తప్పులున్నాయి. మేడమ్ ఆ వాక్యాన్ని ఒక్క అక్షరం దిద్దకుండా బోర్డు మీద రాశారు. సాయంత్రం గది ఊడవడానికి వచ్చిన కోటయ్యతో, "ఇవాళ బోర్డు తుడవకు" అన్నారు. రెండోరోజు ఫిజిక్సు లెక్చరరు వచ్చి తుడిచేశాడనుకోండి.

ఆ పిల్ల షమీమ్. బస్టాండు దగ్గర ఆమె తండ్రికి దర్జీ కొట్టుండేది. ఇంట్లో ఆడవాళ్ళంతా చొక్కాలకి కాజాలు కుట్టేవారు. తనూ కుట్టేది. వేళ్ళ చివర్లు సూదిపోట్లతో గరుగ్గా ఉండేవి. మా కాలేజీలో చేరిన ఏడాదే, "మా అమ్మాయిని టీచర్ని చేస్తాను" అని తండ్రి కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేశాడు. నాకు జేబు కొలత తీసుకుంటూ కూడా చెప్పాడు.

మేడమ్ గైడు ముట్టుకోరు. పిల్లల దగ్గర కనిపిస్తే తీసుకుని సొరుగులో పెట్టేవారు. "ఏడాది చివర తీసుకెళ్ళు. అప్పటికి నీకు అక్కర్లేదనిపిస్తే నాకే వదిలెయ్" అనేవారు. ఏడాది చివర అందరూ వరసగా వచ్చి ఎవరి గైడు వాళ్ళు పట్టుకుపోయేవారు. ఆవిడ నవ్వేవారు. నోట్సు చెప్పడం అసలే లేదు. అందువల్ల ఫలితాలు వచ్చినప్పుడల్లా ఒకటే గొడవ. మిగతావన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటే పోయినవాళ్ళు ఆ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. మా కాలేజీలో ఇంకాస్త ఎక్కువుండేవారు. ప్రిన్సిపాల్ గారు మంచాయన. మీటింగులో గొంతు పెంచకుండానే, "మేడమ్, మీ సబ్జెక్టులోనే పోతున్నారు మరి" అనేవారు.

"అవునండి" అనేవారు ఆవిడ. అంతే. వాదించేవారు కాదు, మారేవారూ కాదు.

షమీమ్ కూడా పోయింది. డిగ్రీ మూడేళ్ళూ అయిపోయాయి. అన్ని పేపర్లూ గట్టెక్కాయి. రెండో సంవత్సరం ఇంగ్లీషు మాత్రం అలాగే ఉండిపోయింది. మళ్ళీ రాసింది, మళ్ళీ పోయింది. అదొక్కటీ ఉంటే గానీ బీయీడీకి అప్లికేషను పెట్టడానికి లేదు. ఆమె అన్న అప్పటికే విసిగిపోయాడు. చదివింది చాలు, ఇంట్లో కూచుని కాజాలు కుట్టుకోమన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆ తండ్రి స్టాఫ్‌రూముకి వచ్చాడు. మెళ్ళో టేపు అలాగే ఉంది, కొట్లోంచి తిన్నగా లేచి వచ్చినట్టున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కూచోమంటే కూచోలేదు.

"మేడం గారూ, నేను గొడవకి రాలేదండి. ఒక మాట అడిగిపోదామని వచ్చాను."

"అడగండి బాబాయ్."

"మా అమ్మాయి ఇంటికొచ్చి మీ క్లాసు గురించే చెప్పుద్దండి. వేరే సార్ల మాటే ఎత్తదు. మీరు చదివింది చదివినట్టు మాకు అప్పజెప్పుద్ది. మా ఇంటిదానికి ఇంగ్లీషు ముక్క రాదండి, అయినా కాజాలు కుడతా వింటాది. అన్నిటికన్నా మీదే బాగా వచ్చని మేమనుకున్నాం." టేపు చివర వేళ్ళకి చుట్టుకున్నాడు. "మరి మీదే ఎందుకు పోయిందండి?"

ఎత్తిపొడుపు కాదది. ఆయనకి నిజంగా అర్థం కాలేదు. తెలుసుకుందామనే అడిగాడు. మేడమ్ లేచి నిలబడ్డారు. ఏదో చెప్పబోయి ఆగిపోయారు.

"అమ్మాయిని రేపు ఒకసారి రమ్మనండి" అన్నారు చివరికి.

ఆ సాయంత్రం తిరుగు బండిలో ఆవిడ నిద్రపోలేదు. వేమూరు దాకా కిటికీలోంచి కోసిన చేలు చూస్తూ కూచున్నారు. తర్వాత నా వైపు తిరగకుండానే మాట్లాడారు.

"నేను గుంటూరు వెళ్ళి పేపర్లు దిద్దుతాను కదా మాస్టారూ. కట్టలు కట్టలు ముందు పడేస్తారు. భోజనం లోపల ఒక కట్ట, తర్వాత ఒక కట్ట. చదివే టైముండదు. పేజీ నిండిందా, పాయింట్లున్నాయా, అంతే చూస్తాం. ఆ పిల్ల ఏం రాసుంటుందో నాకు తెలుసు. తన మాట నాలుగు లైన్లు రాసుంటుంది. ఎవరో సున్నా చుట్టుంటారు. ఆ ఎవరో నేను కూడా కావచ్చు."

"మీరు అలా దిద్దుతారా?"

"దిద్దాను. అందరూ దిద్దుతారు. అక్కడ ఒకలా, ఇక్కడ ఒకలా ఉన్నాను ఇన్నాళ్ళూ. వాళ్ళ నాన్న అడిగేదాకా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు."

తెనాలిలో దిగాక ఇంటివైపు కాకుండా బజారు వైపు నడిచారు. నేనూ వెంట వెళ్ళాను. పుస్తకాల కొట్టులో నిలబడి, "డిగ్రీ రెండో సంవత్సరం ఇంగ్లీషు గైడు ఇవ్వండి" అన్నారు. ఆ కొట్టాయనకి ఆవిడ బాగా తెలుసు. "ఎవరికి మేడమ్?" అన్నాడు వింతగా. "నాకే" అన్నారు.

ఆ వారంలోనే కాలేజీకి వేసవి సెలవులిచ్చేశారు. గదులకి తాళాలు. అందుకని రేపల్లె స్టేషన్లోనే మొదలుపెట్టారు. పొద్దుటి బండికి వచ్చి, మధ్యాహ్నం బండి తిరిగి వెళ్ళేదాకా వెయిటింగు హాల్లో చెప్పేవారు. రేపల్లెతో లైను ఆఖరు కాబట్టి బండి లేనప్పుడు ఆ స్టేషన్లో ఎవరూ ఉండరు. మొదట షమీమ్ ఒక్కతే వచ్చింది. తర్వాత ఇంగ్లీషు పోయిన మరికొందరు చేరారు. పాత బ్యాచీలవాళ్ళు, గడ్డాలొచ్చినవాళ్ళు, ఒకమ్మాయి చంకలో పిల్లవాణ్ణి వేసుకుని వచ్చింది.

అడ్మిషన్ల పని మీద నేను వెళ్ళిన రోజుల్లో ఆ హాలు గుమ్మం దగ్గర నిలబడి చూసేవాణ్ణి. అదే గొంతు. కానీ పద్యం లేదు. "ఉపోద్ఘాతం మూడు లైన్లు. తర్వాత పాయింట్లు. ప్రతి పాయింటు కింద గీత గియ్యండి. దిద్దేవాడికి గీత కనపడాలి. ముగింపు ఎప్పుడూ రెండు లైన్లకి తగ్గకూడదు. ప్రశ్న ఏదైనా ఈ ముగింపు సరిపోతుంది, రాసుకోండి." గైడులో ఉన్నదాన్ని ఆవిడ అడ్డగోలుగా బట్టీ పెట్టించలేదు. ఏ ముక్క దేనికి అతుకుతుందో విప్పి చూపించారు. గైడు రాసినవాడికి కూడా తెలియనంత శ్రద్ధగా ఆ గైడు చెప్పారు.

ఒకరోజు చెమటలు కారుతూ ఏకబిగిన చెప్తుంటే షమీమ్ అడిగింది. "మేడమ్, ఆ నది పద్యం ఒకసారి చదవండి. విని చాలా రోజులైంది."

ఆవిడ తలెత్తి చూస్తే నేను కనపడ్డాను. మళ్ళీ తల దించుకున్నారు.

"ఇప్పుడు కాదు. నాలుగో పాయింటు ఏంటో చెప్పు."

షమీమ్ చెప్పింది. పొల్లుపోకుండా చెప్పింది.

సెప్టెంబరు పరీక్షలో అందరూ గట్టెక్కారు. షమీమ్ తండ్రి హల్వా పొట్లంతో వచ్చి స్టాఫ్‌రూములో అందరికీ పంచాడు. ఈసారి కుర్చీలో కూచున్నాడు. ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చి మేడమ్‌ని మెచ్చుకున్నారు. ఆవిడ హల్వా తిని, చేతులు కడుక్కుని, క్లాసుకి వెళ్ళారు. ఆ ఏడాది నుంచి పార్టిషను అవతల నుంచి నోట్సు వినపడటం మొదలైంది.

కొన్నేళ్ళకి ఆవిణ్ణి బాపట్ల బదిలీ చేశారు. అప్పటికి అత్తగారు పోయారు. భర్త రిటైరై, ఆ మరుసటేడే గుండెనొప్పితో వెళ్ళిపోయాడు. ఆవిడ తెనాలి ఇల్లు ఖాళీ చేసి బాపట్లలో ఒక గది అద్దెకి తీసుకున్నారు. తొంభైల్లో ఒకసారి పరీక్షల డ్యూటీకి నేను బాపట్ల వెళ్ళినప్పుడు ఆవిడ క్లాసు అయ్యేదాకా వరండాలో నిలబడ్డాను. లోపల్నుంచి, "కామా. కొత్త పేరా. అండర్‌లైన్ చెయ్యండి" అని వినపడుతోంది. బెంచీల మీద పెన్నులు పరుగెడుతున్నాయి. సుద్ద మాత్రం రెండు ముక్కలుగా బల్ల మీదే ఉంది.

ఆ సాయంత్రం సూర్యలంక పోదామన్నారు. బస్సులో వెళ్ళాం. జనం లేనిచోట ఇసకలో కూచున్నారు. చిక్కిపోయారు, నడిస్తే ఆయాసం వస్తోంది.

"ఇప్పుడందరూ పాసవుతున్నారు మాస్టారూ. ఎవడూ నిద్రపోవట్లేదు కూడా. రాసుకుంటున్నారుగా."

"పద్యాలు చదవట్లేదా?"

"గంట సరిపోవట్లేదండి." చేతికంటిన ఇసక దులుపుకుని, "అబద్ధం. గంట సరిపోతుంది. నాకే ఓపిక లేదు" అన్నారు. "ఆ స్టేషన్లో ఆ పిల్ల అడిగింది చూశారా, చదవమని. మూడు నిమిషాల పని. చదవలేదు. చదివితే ఇక పాయింట్లు చెప్పలేనని భయమేసింది. దాని దగ్గర్నుంచి ఏదో లాక్కున్నాననిపిస్తుంది ఇప్పటికీ."

చీకటి పడకముందే లేచాం.

ఆవిడ రిటైరైన తర్వాత షమీమ్ జాడ తెలిసింది. చెరుకుపల్లిలో హైస్కూలు టీచరుగా చేస్తోంది, ఇంగ్లీషే చెప్తోంది. మా ఇద్దర్నీ ఒకసారి రమ్మని కబురు పంపింది. బాపట్ల వెళ్ళి, మేడమ్‌ని తీసుకుని చెరుకుపల్లి బస్సెక్కాను. బడి గేటు దగ్గరే షమీమ్ ఎదురొచ్చింది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. గొంతులో దర్జా వచ్చింది. తండ్రి ఇంకా కొట్టు నడుపుతున్నాడని, వద్దంటే వినడని చెప్పింది. మమ్మల్ని పదో తరగతిలో వెనక బెంచీ మీద కూచోబెట్టి పాఠం చెప్పింది. ఉపోద్ఘాతం మూడు లైన్లు. తర్వాత పాయింట్లు. ప్రతిదాని కిందా గీత.

గంట కొట్టాక మేడమ్ నెమ్మదిగా అడిగారు. "ఆ నది పద్యం వీళ్ళకి ఎప్పుడైనా చదివావా అమ్మా?"

"ఏ పద్యం మేడమ్?"

"నువ్వు పెనుమూడి రేవు గురించి చెప్పావు చూడు, ఆ రోజు చదివింది."

షమీమ్ నుదురు ముడేసి ఆలోచించింది. సిగ్గుపడుతూ నవ్వింది. "గుర్తు లేదు మేడమ్. రేపల్లె స్టేషన్లో మీరు చెప్పినవి మాత్రం అన్నీ గుర్తే. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ పద్ధతిలోనే పిల్లలకి చెప్తున్నాను. ఒక్కళ్ళు కూడా పోవట్లేదండి. ఈ ఉద్యోగం, ఈ బతుకు, అంతా ఆ స్టేషన్దే."

"మంచిదమ్మా" అన్నారు మేడమ్. ఆ పిల్ల తల నిమిరారు.

తిరుగు బస్సులో మేడమ్ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గులోకి దిగింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ముందు సీట్లోవాళ్ళు తిరిగి చూశారు.

"దానికి అన్యాయం చేశానని ఇన్నేళ్ళు కుమిలాను మాస్టారూ. దానికసలు గుర్తే లేదు."

"బాధపడకండి మేడమ్."

"బాధ కాదండి. అలసట. మోస్తున్నంతసేపూ తెలీలేదు." కొంగుతో కళ్ళు తుడుచుకుని కిటికీకి తలానించారు. ఆ మాటతో ఆవిడ కథ ముగిసిపోయిందనే నేననుకున్నాను.

ముగియలేదు. మరుసటి వారం ఆవిడ ఒక్కరే మళ్ళీ చెరుకుపల్లి వెళ్ళారని తర్వాత షమీమ్ చెప్పింది. వెళ్ళి, "అందరూ పాసవుతున్నారు కదా. ఒక్క పీరియడ్ నాకిస్తావా? శనివారం ఆఖరిది ఇవ్వు. దాన్నెవరూ అడగరు" అన్నారట. హెడ్మాస్టరు సరేనన్నాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం ఆ ఆయాసంతోనే బస్సెక్కి వెళ్ళేవారు.

ఒకసారి నేనూ వెళ్ళి కూచున్నాను. శనివారం ఆఖరి పీరియడంటే తెలుసు కదా. సంచులు సర్దేసి, భుజాలకి తగిలించుకుని, గంట ఎప్పుడవుతుందా అని చూస్తుంటారు. మేడమ్ లేచి పుస్తకం తెరవగానే ముందు బెంచీలోని ఒక పిల్ల అడిగింది. "ఇది పరీక్షలో వస్తాదా మేడమ్?"

"రాదు."

"ఒట్టు?"

"ఒట్టు. రానే రాదు."

పిల్లలు నవ్వారు. పెన్నులు మూసేశారు. కొందరు బల్ల మీద గడ్డం ఆనించారు. ఆవిడ చదివారు. రెండు లైన్లకోసారి ఊపిరి తీసుకోవడానికి ఆగాల్సి వచ్చింది. పిల్లలు ఆ ఊపిరి కోసం కూడా ఎదురుచూస్తూ కూచున్నారు. మళ్ళీ చదివారు. వెనక బెంచీలో ఒకడు నిద్రపోయాడు. ఆవిడ వాణ్ణి లేపలేదు. పద్యం అయ్యాక, "ఏం వినపడింది?" అని అడిగారు. ఆ రోజు ఎవరూ ఏమీ చెప్పలేదు. "పర్లేదు. వచ్చే వారం చూద్దాం" అని పుస్తకం మూశారు.

రేపల్లెలో బండి దిగి కోటయ్యని పంపేశాను. కాలేజీకి వెళ్ళి నా రెండు క్లాసులూ అయిందనిపించి, చెరుకుపల్లి బస్సెక్కాను. ఈ కబురు షమీమ్‌కి నా నోటితో చెప్పాలనుకున్నాను. బడి వదిలే వేళకి చేరాను. గుమ్మంలో నన్ను చూసిన ఆమె మొహం చూడగానే అర్థమైంది, తనకి అప్పటికే తెలుసు.

"సోమవారమే వెళ్ళొచ్చాను సార్. మట్టి వేసే టైముకి అందాను. కాలేజీకి కబురు పంపేలోగా మీరే వచ్చారు" అంది.

వరండాలో బెంచీ మీద కూచున్నాం. పిల్లలు గేటు దాటి పోతున్నారు. "మరి శనివారం పీరియడ్ ఏం చేస్తారమ్మా?" అన్నాను.

"హెడ్మాస్టరు గారు లెక్కలకిచ్చేస్తానన్నారండి. వద్దన్నాను. మేడం గారికి ఒంట్లో బాగోక రాని వారాల్లో నేనే చదివేదాన్ని."

"మీరెలా చదివేవారు?"

"బాగా రాదు సార్. ఆవిడలాగా ఎక్కడ ఆగాలో నాకు తెలీదు. పలకడం కూడా తప్పులొస్తాయి. పిల్లలు మొహం మీదే అంటున్నారు, మేడం గారిలా లేదు టీచర్ అని. వాళ్ళకి విసుగు. నాకూ వారమంతా చెప్పి చెప్పి గొంతు పోయుంటది." పైట చెంగుతో మొహం తుడుచుకుంది. అలసిపోయి ఉంది.

"మరి ఎల్లుండి శనివారం?"

ఆమె నావైపు చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"చదువుతానండి" అంది.